మూడో బెల్లు తర్వాత బయట మిగిలేవాళ్లు

నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా డైరెక్టర్ చిత్తరంజన్ త్రిపాఠి గారికి,



నేను మీ స్కూల్లో చదువుకున్నదాన్ని కాదు, నాటకాలు వేసేదాన్నీ కాదు. వేసవి వస్తే ఢిల్లీలో మండీ హౌస్ చుట్టుపక్కల హాళ్లు అద్దెకు తీసుకుని నాటక పండగలు జరిపే చిన్నచిన్న బృందాలు ఉంటాయి కదా, వాళ్లకి గేటు దగ్గర సాయం చేసే వాలంటీరుని. టికెట్లు చింపడం, టార్చి వేసి వరస చూపించడం, తినుబండారాలు బయట పెట్టించడం, ఫోన్లు ఆపమని బతిమాలడం నా పనులు. సర్కారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పెట్టుకున్న వ్యాపకం ఇది. ఆంధ్రాలో గ్రామ వాలంటీర్లు ఉన్న రోజుల్లో గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్ చేస్తే వాలంటీరుగా చేరానని చెప్పాను. "అయితే ఒకటో తారీకున ఇంటింటికీ తిరిగి పింఛన్లు ఇస్తావన్నమాట" అంది. ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు పిన్నీ, వచ్చేపోయే మనుషుల్ని చూస్తానంతే అన్నాను. "దానికి ఢిల్లీ దాకా ఎందుకే, మన అరుగు మీద కూర్చుంటే సరిపోదూ" అని పెట్టేసింది.

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఇందులో అడగబోయే సంగతికి తెలుగువాళ్లు కూడా సాక్షులుగా ఉండాలని నా కోరిక. మీకు చదివి అర్థం చెప్పేవాళ్లకి ఈ ఊళ్లో కొదవ లేదు. మధ్యాహ్నం పూట అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ముందు నిలబడితే కావలసినంత మంది దొరుకుతారు.

అడిగేముందు, గేటు దగ్గర నుంచి ఏం కనిపిస్తుందో చెప్పనివ్వండి.

ఢిల్లీలో నాటకాలంటే చలికాలమే అని అందరూ అంటారు. 1999లో మీ స్కూలు మొదలుపెట్టిన భారత రంగ మహోత్సవం చలికాలపు పండగే. శాలువాలు, కోట్లు, పై ఊళ్ల నుంచి దిగిన విమర్శకులు, టీ కప్పు చేత్తో పట్టుకుని గంటల తరబడి వాదనలు. చూడముచ్చటగానే ఉంటుంది. నాకు మాత్రం వేసవి ప్రేక్షకులే ఇష్టం. మే నెల సగం దాటేసరికి పోగలిగినవాళ్లు నైనిటాల్‌కో ముస్సోరీకో పోతారు. ఊళ్లో మిగిలేది పోలేనివాళ్లు. మీ స్కూలు రెపర్టరీ బృందం వేసే వేసవి నాటకాలకైనా, మా చిన్న పండగలకైనా వచ్చేది వాళ్లే. 2024 మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. 79 ఏళ్లలో అంత ఎండ లేదన్నారు. అదే రోజు ముంగేష్‌పూర్‌లో 52.9 అని వార్త వస్తే దేశమంతా గుండెలు బాదుకుంది. తీరా అక్కడి యంత్రం మూడు డిగ్రీలు ఎక్కువ చూపించిందని తేలింది. యంత్రం అబద్ధమాడినా మన ఒళ్లు ఆడదు కదా. అలాంటి రోజుల్లో సాయంత్రం ఆరింటికి కూడా మెట్రో మెట్లెక్కి పైకొస్తే మొహం మీద పొయ్యి తలుపు తీసినట్టుంటుంది. రోడ్డు పక్క రేల చెట్లు మాత్రం ఆ ఎండకే పసుపుపచ్చగా విరగబూసి, మాకేం పట్టనట్టు నిలబడతాయి.

ఆ ఎండలో తలకి చున్నీ చుట్టుకుని, ఒక చేత్తో నీళ్ల సీసా, ఇంకో చేత్తో ఫోన్లో టికెట్ తెరిచి పట్టుకుని వస్తారు మా ప్రేక్షకులు. లక్ష్మీనగర్ కోచింగుల్లో సీఏ చదివే పిల్లలు, జామియా నుంచి భుజాన సంచులు వేసుకుని వచ్చే కుర్రాళ్లు, పీజీల్లో ఉండి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు, నాలాంటి రిటైరైనవాళ్లు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు చలికాలంలో కంటే ఎక్కువ కనిపిస్తారు. ఎందుకో నాకు అంతుబట్టలేదు. బహుశా ఏడింటికి కూడా వెలుతురు ఉంటుందనేమో. ఓల్డ్ రాజేందర్ నగర్ నుంచి సివిల్స్‌కి చదివే మన తెలుగు పిల్లలు కూడా వస్తారు. ఒకతను నా మాట తీరు కనిపెట్టి నెమ్మదిగా దగ్గరికొచ్చి, "ఆంటీ, నాటకం ఎంతసేపండీ?" అన్నాడు. రెండు గంటలు బాబూ అన్నాను. "ఏసీ బాగా పనిచేస్తుందా?" అదీ అసలు ప్రశ్న. వెళ్లి మొదటి అరగంట హాయిగా నిద్రపోయాడు. తర్వాత ఏ డైలాగుకి మెలకువ వచ్చిందో గాని, అయిపోయేసరికి ముందుకి వంగి చూస్తున్నాడు. మరో వారం తనతో పాటు రూమ్మేట్లని తీసుకొచ్చాడు. నాటకానికి మనిషిని రప్పించే కారణం గొప్పదే అయ్యుండాలని నియమం ఏమీ లేదు.

మీరు దర్శకత్వం వహించిన 'తాజ్‌మహల్ కా టెండర్' చూసినప్పుడు నేను గేటు దగ్గర లేను, టికెట్ కొనుక్కుని హాల్లో కూర్చున్నాను. షాజహాన్ చక్రవర్తి ఈ కాలపు ఢిల్లీలోకి వచ్చి, ప్రభుత్వ ఇంజనీరు గుప్తాజీకి తాజ్‌మహల్ పని అప్పజెబుతాడు. ఇక కమిటీలు, ఫైళ్లు, అనుమతులు. టెండరు బయటికొచ్చేసరికి చక్రవర్తి ఆయుష్షు తీరిపోతుంది. అలవాటు కొద్దీ నేను స్టేజీ కంటే పక్క వరసల్నే ఎక్కువ చూశాను. విద్యార్థులు గుప్తాజీ వేషాలకి నవ్వుతున్నారు. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మాలాంటివాళ్లు మాత్రం నవ్వు రావలసినచోటికి ఒక క్షణం ముందే నవ్వుతున్నారు, ఆ ఫైలు తర్వాత ఏ టేబుల్‌కి పోతుందో మాకు తెలుసు కాబట్టి. అజయ్ శుక్లా రాసిన ఆ నాటకం ఇన్నేళ్లు ఆడడానికి ఢిల్లీ ఇచ్చిన చేయూత తక్కువేం కాదు.

మా తెలుగువాళ్లు నాటకం చూసే తీరు వేరు. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు. రెండోసారీ నచ్చితే మళ్లీ అంటారు. ప్రాణం పోయిన పాత్ర లేచి కూర్చుని రాగం తీసి, పద్యం పాడి, మళ్లీ పడుకున్న కథలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. ఢిల్లీ ప్రేక్షకుడికి ఆ చనువు లేదు. చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొడతాడు, మధ్యలో గొంతెత్తడు. మధ్యలో గొంతెత్తేది అతని ఫోన్ ఒక్కటే. కర్ణుడు పోయే ఘట్టంలో హనుమాన్ చాలీసా మోగితే ఆపడానికి చీకట్లో జేబులు తడుముకునే పెద్దమనిషి కంగారు చూసి, తిట్టాలో జాలిపడాలో తెలీదు.

ఇక అసలు విభజన దగ్గరికొస్తాను. ఈ ఊళ్లో నాటకానికొచ్చేవాళ్లు రెండు జాతులు: టికెట్ కొన్నవాళ్లు, పాస్ ఉన్నవాళ్లు. టికెట్ కొన్నవాళ్లు ముందే వచ్చి నీడ వెతుక్కుంటారు. పాస్ ఉన్నవాళ్లు రెండో బెల్లు కొట్టాక కారు దిగుతారు. పాస్ చూపించమంటే ముందు మొహం చూపిస్తారు. నేనెవరో తెలుసా అని అడగడం పాతకాలం. ఇప్పుడు ఎవరికో ఫోన్ కలిపి, మాట్లాడమని నా చేతికిస్తారు. నేను పనిచేసిన చోట్ల చాలావరకు ముందు రెండు వరసలూ వీళ్లకోసం తాడు కట్టి ఉంచారు. చాలా సాయంత్రాలు ఆ వరసలు సగం ఖాళీ. దీపాలు వెలిగాక నటులకి ఎదురుగా కనిపించేది ఆ ఖాళీ కుర్చీలే.

అలాంటప్పుడు నాకు దుర్గాబాయమ్మ గుర్తొస్తుంది. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. వాటితో పాటే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. దాని గేటు దగ్గర వాలంటీరుగా నిలబడిన పిల్లకి పద్నాలుగేళ్లు. టికెట్ లేనివాళ్లని రానివ్వొద్దన్నారు, ఆ పిల్ల రానివ్వలేదు. అలా ఆగిపోయినవాళ్లలో జవహర్‌లాల్ నెహ్రూ ఒకరు. పెద్దలొచ్చి కోప్పడితే, మీరు చెప్పిందే చేశాను అంది. ఆయన కోసం టికెట్ కొన్నాకనే లోపలికి పంపింది. నెహ్రూ మెచ్చుకున్నారు. ఆ పిల్లే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది, ప్రణాళికా సంఘంలో పనిచేసింది, 1948లో ఇదే ఢిల్లీలో తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది. పింక్ లైన్‌లో సౌత్ క్యాంపస్ స్టేషన్‌కి ఉన్న పేరు ఆవిడదే. గేటు వాలంటీర్లకి ఒక ఇలవేల్పు కావాలంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ని మించినవాళ్లు లేరు. నాకు నెహ్రూని ఆపే యోగం లేదు. ఒక అండర్ సెక్రటరీని మాత్రం ఆపాను, వారం రోజులు మా ఆయనకి చెప్పుకుని మురిసిపోయాను.

హౌస్‌ఫుల్ అయిన రోజు ఇంకో రకం పోరు. "మెట్ల మీద కూర్చుంటాం ఆంటీజీ, ఊపిరి కూడా గట్టిగా పీల్చం" అని పిల్లలు చేతులు పట్టుకుంటారు. ఆ పోరులో నేను మెత్తబడను. 1997 జూన్ 13న గ్రీన్ పార్కులో ఉపహార్ సినిమాహాలు తగలబడింది. 'బోర్డర్' మ్యాట్నీ ఆడుతోంది. 59 మంది పోయారు, ఎక్కువమంది పొగకే. బయటికిపోయే దారికి అడ్డంగా అదనపు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆ జూన్ నెల ఢిల్లీలో గడిపినవాళ్లెవరూ హాలు మెట్ల మీద మనిషిని కూర్చోబెట్టలేరు. తలుపులు బార్లా తెరిచి ఎంతమంది వస్తే అంతమందినీ తోసెయ్యండి అని అడిగే ఉత్తరం కాదిది.

మూడో బెల్లు కొట్టాక తలుపులు వేసేస్తాం. ఆ తర్వాత రెండు గంటలు నాకు పని ఉండదు. లోపల నాటకం మొదలవుతుంది, బయట ఇంకో లోకం మొదలవుతుంది. మీరు ఎప్పుడూ లోపలే ఉంటారు కాబట్టి దాని సంగతి కొంచెం వివరంగా చెబుతాను.

ప్లాస్టిక్ కుర్చీలో ఏజెన్సీ గార్డు. ఆయనది పన్నెండు గంటల డ్యూటీ. ఎదురుగా నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. హాలు ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి గోడకి జారగిలబడి ఉంటుంది. ఆట అయ్యాక లోపల ఊడ్చి, తాళం వేసేదాకా ఆగి, ఆఖరి బస్సు పట్టుకోవాలి. సైకిల్‌కి కెటిల్ కట్టుకుని తిరిగే టీ మనిషి ఇంటర్వెల్ ఉందో లేదో నన్నడిగి మరీ పాలు పోస్తాడు. రోడ్డు వారగా కార్లు, కార్లలో డ్రైవర్లు. పెట్రోలు ఖర్చని ఏసీ వేసుకోనివ్వరు. నాలుగు తలుపులూ తెరిచి, సీటు వెనక్కి వాల్చి, ఫోన్లో లూడో ఆడుతుంటారు. పొద్దున పదింటికి సాబ్‌ని బారాఖంబా రోడ్డులో దించినప్పటి నుంచి వాళ్ల పని ఎదురుచూడడమే. మధ్యాహ్నం వేపచెట్ల కింద, సాయంత్రం నాటకం హాలు బయట.

మీ స్కూలు ఢిల్లీకి ఇచ్చిన నాటకాల్లో పెద్దది 'అంధాయుగ్' అని నా లెక్క. ధర్మవీర్ భారతి రాసిన ఆ కావ్యనాటకాన్ని 1963లో ఇబ్రహీం అల్కాజీ ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య ఆడించారు. తర్వాత ఎందరో ఎత్తుకున్నారు. కురుక్షేత్రం చివరి రోజుతో మొదలయ్యే కథ. అశ్వత్థామ ఉన్నాడు, గాంధారి ఉంది, అయినా నా కళ్లు పోయేది ఆ ఇద్దరు కాపలాదారుల మీదకే. బోసిపోయిన రాజభవనం నడవల్లో అటూ ఇటూ తిరుగుతూ, కాపాడ్డానికి ఏమీ మిగలనిచోట ఇన్ని రోజులుగా ఎవరికోసం కాపలా కాస్తున్నామో అని మాట్లాడుకుంటారు. రాజులు చచ్చినా, కొత్త రాజులు వచ్చినా వాళ్ల నడక మారదు. ఆ నాటకం ఆడుతున్న ఒక సాయంత్రం బయట ఉన్న గార్డుతో, "లోపల అచ్చం నీలాంటివాళ్లు ఇద్దరున్నారు భయ్యా" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, "ఏ ఏజెన్సీవాళ్లు?" అని అడిగాడు.

భారతి బతికుంటే ఆ మాటకి పొంగిపోయేవారు. నాకు మాత్రం రాత్రి మెట్రోలో యమున దాటుతుంటే నవ్వు కాస్తా పోయింది. ఆ గార్డుకి ఆ నాటకం పేరు తెలుసు, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి వదులుతారో తెలుసు, ఎంతమంది వచ్చారో మాకంటే బాగా తెలుసు. అందులో తన మాట తనకంటే బాగా చెప్పేవాళ్లు ఇద్దరున్నారన్న సంగతి తెలీదు.

వాళ్లకి ఆసక్తి ఉండొద్దూ అంటారేమో. ఒక డ్రైవరు గురించి చెబుతాను. ఆయన సాబ్ కొడుకు ఒక సంగీత నాటకంలో వేషం వేశాడు, అందుకని సాబ్ ప్రతి ఆటకీ వచ్చేవాడు. డ్రైవరు పక్క తలుపు దగ్గర నిలబడి వినేవాడు. ఆ తలుపు సందులోంచి పాటలు, మాటలు బాగానే వినబడతాయి. మూడో ఆటకల్లా ఎక్కడ నవ్వొస్తుందో, ఎక్కడ ఏడుపొస్తుందో నాకు ముందే చెప్పసాగాడు. "ఇప్పుడు రాణీగారు గాజులు పగలగొడుతుంది చూడండి" అనేవాడు. నిజంగానే లోపల గాజుల చప్పుడు. రాజు గొంతుని బట్టి ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాడు. మేకప్ తీసేసి బయటికొచ్చిన బక్కపలచటి కుర్రాణ్ని చూపించి వాడే రాజంటే ఒప్పుకోలేదు, నేను ఆటపట్టిస్తున్నానన్నాడు.

ఒక రోజు ముందు వరసలు ఖాళీగా ఉంటే, నిర్వాహకులనడిగి ఒక పాస్ తెచ్చి ఆయన చేతికిచ్చాను. తీసుకుని చూసి తిరిగిచ్చేశాడు. "సాబ్ లోపల ఉన్నారు. ఆయన పక్క వరసలో నేను కూర్చుంటే ఆయనకి బాగుండదు, నాకూ బాగుండదు" అన్నాడు. డబ్బుల సంగతి మధ్యలోకి రానేలేదు. టికెట్ ధర తగ్గిస్తే అందరూ వస్తారని సెమినార్లలో చెప్పేవాళ్లు ఈ మాట ఒకసారి వినాలి.

ఆ పక్కసీటు గొడవ మనకి కొత్త కాదు. కోతలయ్యాక, వేసవి రాత్రుల్లో మా ఊళ్లలో నాటకాలు వేసేవారు. మడిచేలలో పందిరి, పెట్రోమాక్స్ దీపాలు, తెల్లవారేదాకా పద్యాలు. టికెట్ లేదు, గేటు లేదు. అందుకే అదంతా అందరి నాటకం అని ముసలివాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. వాళ్లు చెప్పని సంగతొకటుంది. ఎవరి చాప ఎక్కడ పరచాలో కులం చెప్పేది. మాలపల్లి, మాదిగపల్లి నుంచి వచ్చినవాళ్లు దూరంగా, చేను గట్ల మీద కూర్చుని చూసేవారు. గేటు కంటికి కనిపించేది కాదంతే. కాబట్టి పల్లెని ఆదర్శంగా చూపించి ఢిల్లీని తిట్టే ఉద్దేశం నాకు లేదు. ఆ పల్లెలో తీసుకోదగ్గది ఒకటుంది. అది రిహార్సలు. హార్మోనియం మాస్టారు వచ్చి రామాలయం దగ్గరో, బడిలోనో రెండు నెలలు నేర్పేవాడు. పశువుల్ని తోలుకొచ్చినవాళ్లు, నీళ్లకొచ్చినవాళ్లు కిటికీల దగ్గర గుంపులు కట్టి వినేవాళ్లు. నాటకం నాటికి వేషగాడికి పద్యం తప్పితే అందించేది వాళ్లే. రిహార్సల్లో మాత్రం, కనీసం కిటికీ బయట, ఎవరి చోటు ఏదని ఎవరూ గీత గీయలేదు.

మన సురభి నాటక సమాజంలో గేటుకీ స్టేజీకీ మధ్య దూరమే తక్కువ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో వేషం వేసేవాళ్లే తెర లాగుతారు, టికెట్లు అమ్ముతారు, వంట చేస్తారు. మీ కుర్చీలో ఒకప్పుడు కూర్చున్న బి.వి.కారంత్ 1990ల్లో వాళ్ల దగ్గరికొచ్చి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు. ఢిల్లీ నుంచి తెచ్చిన చదువుతో పాటు వాళ్ల దగ్గర నేర్చుకునేది కూడా ఉంటుందని ఆయన అనుకుని ఉండాలి. లేకపోతే ఆ వయసులో అంత దూరం వచ్చేవారు కాదు.

నాటకం మనిషి దగ్గరికి పోవాలని నమ్మినవాళ్లు మీ చుట్టుపక్కలే ఉండేవారు. శ్రీరామ్ సెంటర్ ఉన్న రోడ్డుకి సఫ్దర్ హాష్మీ పేరు ఊరికే రాలేదు. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో కార్మికుల మధ్య 'హల్లా బోల్' ఆడుతుండగా జన నాట్య మంచ్ బృందం మీద దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుడు చనిపోయాడు. మర్నాడు సఫ్దర్ హాష్మీ కన్నుమూశాడు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, మిగతా బృందం అక్కడికే తిరిగి వెళ్లి ఆగిపోయిన నాటకం పూర్తిచేశారు. వీధి నాటకం చేసే పని వీధి నాటకం చేస్తోంది. నేనడిగేది అది కాదు. దీపాలు, సెట్లు, సంగీతం, చల్లటి హాలు, మెత్తటి కుర్చీ ఉన్న నాటకం కూడా వాళ్లకి చెందాలని అడుగుతున్నాను. కార్మికుడికి ఎప్పుడూ కార్మికుడి కథే, అదీ రోడ్డు మీదే చూపించాలని ఎవరు రాసిపెట్టారు?

ఇక కోరిక. మీ రెపర్టరీ 1964 నుంచి నడుస్తోంది. ఏటా వేసవి నాటకాలకి ముందు, ఒక్కో నాటకానికీ గ్రాండ్ రిహార్సల్ ఉంటుంది, దుస్తులతో, దీపాలతో, సంగీతంతో. వాటిలో ఒక్కదాన్ని మండీ హౌస్ చుట్టుపక్కల ఎదురుచూడడమే పనిగా బతికేవాళ్ల కోసం తెరవండి. డ్రైవర్లు, గార్డులు, హాళ్లు ఊడ్చేవాళ్లు, క్యాంటీన్లలో కప్పులు కడిగే కుర్రాళ్లు, ఆటోవాళ్లు, టీ మనిషి. సాయంత్రం వాళ్లకి కుదరదు, అది వాళ్ల డ్యూటీ సమయం. మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. ఆ వేళకి సాబ్‌లు ఆఫీసుల్లో ఉంటారు, డ్రైవర్లు చెట్ల కింద ఉంటారు, బయట 44 డిగ్రీలు ఉంటుంది. ఏసీ కోసమే వచ్చినా రానివ్వండి. రాజేందర్ నగర్ కుర్రాడి సంగతి చెప్పాను కదా. గార్డులు అందరూ ఒకేసారి రాలేరు, ఒకరి బదులు ఇంకొకరు నిలబడాలి. అందుకని ఒకే నాటకానికి రెండు రిహార్సళ్లు తెరవగలిగితే ఇంకా మంచిది.

పాసులు మాత్రం వద్దు. అచ్చు వేసిన టికెట్ ఇవ్వండి, దాని మీద వరస, సీటు నెంబరు ఉండాలి. ధర అచ్చులో సున్నా అని ఉన్నా ఫరవాలేదు. కాకినాడలో నెహ్రూ చేతిలో ఉన్నదేదో వీళ్ల చేతిలోనూ అదే ఉండాలి. సీట్లు ముందు వరస నుంచి మొదలుపెట్టి నింపండి. వీళ్లకోసం ప్రత్యేకంగా పొదుపు మీదో, తాగుడు మానడం మీదో నాటకం రాయించకండి, దయచేసి. సాయంత్రం డబ్బిచ్చినవాళ్లకి చూపించేదే చూపించండి. ఉపన్యాసం, దీపప్రజ్వలన, బ్యానరు, ఫొటోగ్రాఫరు ఏవీ వద్దు.

ఇలా విడిగా కూర్చోబెట్టడం మళ్లీ చేను గట్టే కదా అని మీలో ఎవరైనా అనొచ్చు. నన్ను నేను కూడా అడిగి చూసుకున్నాను. చేను గట్టు మీద కూర్చున్నవాళ్లకి ముందు వరస ఎవరూ ఇవ్వలేదు, తేడా అది. ఒకసారి సాబ్ లేని హాల్లో కాలు చాపుకుని కూర్చుంటే, ఆ హాలు తనకి పరిచయమవుతుంది. తర్వాత ఎప్పుడైనా టికెట్ కొనుక్కుని సాబ్ పక్కనే కూర్చుంటాడా, ఇంట్లో కూర్చుంటాడా అన్నది అతని ఇష్టం. ఇష్టం అంటూ ఒకటి పుట్టాలి ముందు.

రిహార్సల్‌కి బయటివాళ్లని రానిస్తే నటులు కంగారుపడతారని దర్శకులు అంటారు. మీరూ దర్శకులే, ఆ బాధ నాకంటే మీకు తెలుసు. కానీ డైలాగు ఎక్కడ చప్పబడిందో, ఏ జోకు పేలలేదో విమర్శకుడు రాసేది ఆట అయ్యాక. ఈ ప్రేక్షకులు ఆటకి ముందే, మొహం మీదే చెబుతారు. తలుపు సందులోంచి విని రాజు ఎత్తు కొలిచినవాడికి చూపించాక మీకు వేరే పరీక్ష అక్కర్లేదు.

ఢిల్లీలో, నోయిడాలో, గుడ్‌గావ్‌లో ఉన్న తెలుగువాళ్లకి కూడా ఇక్కడే ఒక మాట. ఆ తేదీ ఖాయమైతే, ఆ మధ్యాహ్నం మీ డ్రైవరుకి రెండున్నర గంటలు సెలవివ్వండి. ఫోన్ చేసి ఎక్కడున్నావని అడక్కండి. నాటకంలో ఉన్నాడు.

త్రిపాఠి గారూ, టికెట్లు ఇంటింటికీ, అంటే కారుకారుకీ తిరిగి పంచే పని మాది. గేటు దగ్గర నిలబడేదీ, చీకట్లో వరస చూపించేదీ మేమే. దానికి మీ స్కూలు ఒక్క రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు. ఈ వేసవికి కుదరకపోతే వచ్చే మే నెలకి ఒక తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక గేటు వాలంటీరు,
మయూర్ విహార్, ఢిల్లీ